మారేదాన్ని నంబరులో ఇరికించొద్దు

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు భూదానోద్యమ నేత వినోబా భావేను ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. అప్పుడది హైదరాబాద్ రాష్ట్రం, నల్లగొండ జిల్లా. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లా. నేల అంగుళం కదల్లేదు; దాని చిరునామా మాత్రం మూడుసార్లు మారింది.

అయినా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ రికార్డుకిచ్చే నంబరు చూడగానే వివరమంతా తెలియాలంటారు. జిల్లా కోడ్, మండలం కోడ్, సంవత్సరం, చివర వరుస సంఖ్య. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ జిల్లా మారిన రోజు ఆ నంబరు అబద్ధమైనా చెప్పాలి, లేదా మారిపోయి పాత పాస్‌బుక్కుతో, బ్యాంకు లోనుతో సంబంధం తెంపుకోవాలి. మూడో దారి లేదు. మన బండ్లే చూడండి: నల్లగొండకు ఏపీ 24 పోయి టీఎస్ 05 వచ్చింది, యాదాద్రికి టీఎస్ 30, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత ఏపీ 24 ప్లేటు చూసి బండి ఇప్పుడు ఏ జిల్లాదో ఎవరూ చెప్పలేరు.

సర్వే నంబరుదీ ఇదే బాధ. అన్నదమ్ములు పంచుకుంటే ఒక బై నంబరు, వాళ్ల పిల్లలు పంచుకుంటే మరో బై. అ, ఆ, 1, 2 అంటూ కుటుంబ చరిత్రంతా నంబరుకే వేలాడుతుంది. విడిపోయిన ముక్కకు కొత్త నంబరు ఇచ్చి, అది ఏ ముక్కలోంచి వచ్చిందో పక్క గడిలో రాస్తే సరిపోయేది.

ఆధార్ ఈ విషయంలో సరిగ్గా ఆలోచించింది. ఆ 12 అంకెల్లో ఊరు లేదు, కులం లేదు, పుట్టిన తేదీ లేదు; చివరి అంకె పొరపాటు పట్టడానికే. కంప్యూటర్ల మధ్య వాడే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య నాలుగో రకంలో 122 బిట్లు యాదృచ్ఛికం. ఏ కేంద్ర కార్యాలయాన్నీ అడగకుండా ఎక్కడివారక్కడ పుట్టించుకున్నా రెండు ఒకేలా వచ్చే భయం దాదాపు లేదు. ఇలా వరుస లేని నంబర్లతో డేటాబేస్ నెమ్మదిస్తుందంటారా? 2024లో ప్రమాణంగా వచ్చిన ఏడో రకం ముందు 48 బిట్లలో సమయం రాస్తుంది. రికార్డు పుట్టిన సమయం ఎన్నటికీ మారదు కాబట్టి దానికి నా అభ్యంతరం లేదు. ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఇస్తే మాత్రం పక్కవాడి నంబరు ఎవరైనా ఊహించగలరు.

ఇప్పుడు తెలంగాణలో భూ భారతి చట్టం కింద ప్రతి కమతానికి భూధార్ అనే గుర్తింపు సంఖ్య ఇస్తామంటున్నారు. దాన్ని రూపొందించేవారికి నా విన్నపం: జిల్లా, మండలం, సర్వే నంబరు, యజమాని పేరు పక్క గడుల్లో రాయండి, మారినప్పుడల్లా దిద్దండి. భూధార్‌లో మాత్రం వాటిలో ఒక్కటీ పెట్టకండి.