అంకణా కుదిరినంతమాత్రమున లెక్క ముగియునా?

మార్చి నెల కడపటి దినములలో ప్రొద్దుటూరి అంగడివీధులయందు నడచువారికి ప్రతి దుకాణమునందును ఒకటే దృశ్యము కానవచ్చును. గుమాస్తా ఆవర్జాను గాని కంప్యూటరు తెరను గాని ముందుంచుకొని డెబిట్ల మొత్తమును, క్రెడిట్ల మొత్తమును సరిచూచును. రెండును సమానమైనంతనే నిట్టూర్పు విడుచును. యజమానియు సంతసించును. ఆ సంతసము కొంచెము తొందరపాటని మా యభిప్రాయము.

అంకణా కుదురుట అవసరము కాదని మేమనము. లూకా పచియోలీ జంటపద్దు పద్ధతిని వివరించిన గ్రంథము 1494లో వెనిసు నగరమున అచ్చయినది. ఆ పద్ధతి నేటికిని చెక్కుచెదరలేదు. కాని అంకణా వ్రాసినదానినే చూడగలదు, వ్రాయనిదానిని చూడజాలదు. మార్చి నెల కూలి ఏప్రిలులో నిచ్చుట వాడుకయైనచో, ఆ బాకీ రెండువైపులను లేదు గనుక రెండు వైపులును చక్కగా సమానమగును. తప్పు రెండు ప్రక్కల సమముగా నున్నచో త్రాసు దానిని చూపదు గదా!

ఎవరిదియు గాని యొక వేరుసెనగ మిల్లును ఊహింతము. అంకణా ప్రకారము దాని లాభము 1,20,000 రూపాయలు. యజమాని యిది చూచుకొని కుమార్తె వివాహమునకు లక్షరూపాయలు వ్యాపారమునుండి తీసికొనెను. ఇప్పుడు సర్దుబాట్లు చూడుడు. మార్చి కూలి 22,000 ఇంకను ఈయవలసియున్నది. జనవరి 1వ తేదిని సంవత్సరమునకు సరిపడ కట్టిన భీమా 24,000 అంతయు ఖర్చుగా వ్రాసిరి. అందు మూడు మాసములది 6,000 మాత్రమే ఈ యేటిది, తక్కిన 18,000 ముందుగా చెల్లించినది గనుక లాభమునకు మరల చేరును. 3,00,000 విలువగల యంత్రమునకు నూటికి పదివంతున తరుగుదల 30,000. ఊరు విడిచిపోయిన యొక బేరగాని బాకీ 40,000 రానిదే. అక్టోబరు 1న నూటికి రూపాయి వడ్డీకి తెచ్చిన 2,00,000 మీద ఆరు మాసముల వడ్డీ 12,000 చెల్లించలేదు. ఇవన్నియు సర్దగా మిగిలిన లాభము 34,000. యజమాని తీసికొన్నది లక్ష. కావున పెండ్లిపందిరిలో 66,000 రూపాయల మూలధనము కరగిపోయినది. ఆ సంగతి ఆయన యెఱుగడు. వచ్చు పంటకాలమున కాయలు కొనుటకు సొమ్ము చాలక మరల అప్పునకు పోవునపుడు, వ్యాపారము బాగుగనే నడచినదే, సొమ్మేమయ్యెనని ఇల్లంతయు ఆశ్చర్యపడును.

దీనిని ముందే కనుగొనుటకే వర్క్‌షీటు, అనగా పనిపట్టిక. అది లెక్కపుస్తకములలో భాగము కాదు. పెన్సిలుతో వ్రాసి, తప్పైన తుడిచివేయదగిన పెద్దకాగితము. ఎడమప్రక్క ఖాతాల పేర్లు. తరువాత అంకణా, సర్దుబాట్లు, సర్దిన అంకణా, లాభనష్టములు, ఆస్తి అప్పులు అను అయిదు జంటల గళ్లు. ప్రతి సర్దుబాటును రెండుచోట్ల వ్రాయవలెను: కూలిఖాతాకు డెబిటు, ఈయవలసిన కూలికి క్రెడిటు. పిల్లలు తఱచు మఱచు సంగతి యొకటి కలదు. ఈ సర్దుబాట్లలో నగదు ఖాతా కదలదు. నగదు కదలినచో అది ఆనాటి చిట్టాలోనే యుండవలసినది. ప్రతి సర్దుబాటును లాభనష్టముల ఖాతా నొకదానిని, ఆస్తి అప్పుల ఖాతా నొకదానిని తాకును. చివరి నాలుగు గళ్లను కూడినప్పుడు లాభనష్టముల జంటలో నెంత తేడా వచ్చునో ఆస్తి అప్పుల జంటలో నంతే తేడా ఎదురుప్రక్కను రావలెను. అది రానినాడు ఎచ్చటనో యొక అంకె దారితప్పినది.

నిలువ సరకు సంగతి వేఱు. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో పండిన సెనగలను ధర వచ్చువఱకు గోదాములలో నుంచుట కలదు. క్వింటాలు 6,000కు కొన్న నూరు క్వింటాళ్లు మార్చి 31న 5,400 మాత్రమే పలుకుచున్నచో 5,400 చొప్పుననే విలువ కట్టవలెను. 60,000 నష్టము ఈ యేటిదే. 6,500 పలికినచో? అప్పుడును 6,000 చొప్పుననే. అమ్మకముందు లాభమును వ్రాసికొనరాదు. బంగారపు అంగళ్లకు పేరుగాంచిన ప్రొద్దుటూరివారికి ఈ నియమము రుచింపకపోవచ్చును, కాని పెట్టెలోని నగ అమ్ముడుపోవువఱకు లాభము నగది కాదు, ఆశది.

ట్యాలీ వంటి ప్రోగ్రాములుండగా ఈ శ్రమ యేలయని తల్లిదండ్రులు మమ్మడుగుదురు. కూడికలు యంత్రమే చేయును, నిజమే. మార్చి కూలి ఈయలేదని, బేరగాడు ఊరు విడిచెనని దానికెవరు చెప్పుదురు? తెలిసినవాడు చెప్పనిది అదియు చెప్పదు. కంపెనీల విషయమున 2013 నాటి చట్టము సొమ్ము చేతులు మారినప్పుడు గాక, హక్కును బాధ్యతయు నేర్పడినప్పుడే లెక్క వ్రాయవలెనని విధించినది. చిన్న దుకాణములకు అట్టి నిర్బంధము లేకపోవచ్చును. అవసరము మాత్రము వానికే మిక్కుటము, పెద్దకంపెనీ తట్టుకొను నష్టమును చిన్నసంసారము తట్టుకొనజాలదు గనుక.

అందుచేత వాణిజ్యశాస్త్రము చదువు పిల్లలకు మేమొక పని చెప్పుచున్నాము. ఈ వేసవి సెలవులలో తండ్రిగారి లెక్కపుస్తకము నడిగి తీసికొని, ఒక పెద్దకాగితముపై పది గళ్లు గీయుడు. మనము ఎవరికేమి ఈయవలసియున్నది, వచ్చు సంవత్సరమునకు చేరవలసినదేమి ముందే చెల్లించితిమి, ఏ యంత్రము ఎంత అరిగినది, ఏ బాకీ రాదు, గోదాములో నేమున్నదని యడుగుడు. తండ్రులు మొదట విసుగుకొందురు. రాని బాకీ మాట యెత్తినప్పుడు మఱింత విసుగుకొందురు. ఓర్చుకొనుడు.

పులివెందుల ప్రక్క చీనీతోటలున్న పిల్లలకు ఇంకొక ప్రశ్న కలదు. మొక్క నాటిన పిమ్మట కాపునకు నాలుగైదేండ్లు పట్టును. ఆ యేండ్లలో మొక్కలకు, ఎరువులకు పెట్టిన సొమ్మును ఏయేటికాయేడు ఖర్చుగా వ్రాసినచో తోట ప్రతియేటను నష్టముననే యున్నట్లు తోచును. కాపు వచ్చిన యేట ఉన్నట్టుండి కుబేరుడైనట్లు తోచును. రెండును నిజము కావు. ఆ సొమ్మును తోట యను ఆస్తిగా నిలిపి, కాపు ఆరంభమైన పిదప కాయు సంవత్సరములకెల్ల తరుగుదలగా పంచవలెను. బోరుబావి యెండి చెట్లు మోడువాఱిన యేట మాత్రము ఖాతాలో మిగిలినదంతయు ఆ యొక్క సంవత్సరపు నష్టమునకే చేరును.