కొచ్చి రేవులో ఒక్క రోజు

పిల్లలూ! ప్రతి నెలా మనం ఈ పేజీలో ఒక ఊరికి వెళ్ళి వస్తున్నాం గదా. ఈ నెల మన ప్రయాణం ఓడమీద. దిగబోయేది కేరళలోని కొచ్చి రేవులో.

మనం ఎక్కినది సరుకుల ఓడ కాదు, విహార నౌక. దాన్ని చూస్తే పెద్ద మేడ ఒకటి నీళ్ళమీదికి నడిచి వచ్చినట్టుంటుంది. రాత్రంతా సముద్రంమీద ప్రయాణం చేసి, తెల్లవారేసరికి ఏదో ఒక రేవు చేరి, పగలంతా అక్కడ నిలిచి, సాయంత్రం తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోతుంది. మన ఓడ పొద్దున ఏడు గంటలకు కొచ్చి చేరి, సాయంత్రం ఆరు గంటలకు బయలుదేరుతుందనుకుందాం. ఆలస్యమైనవాళ్ళకోసం అది ఆగదు. అంటే మన చేతిలో ఉన్నది పదకొండు గంటలు.

ఈ పదకొండు గంటలు ఎట్లా గడపాలి?

ఓడ దిగినవాళ్ళల్లో కొందరు పెద్ద జాబితా పట్టుకుని బయలుదేరతారు. అందులో పన్నెండు చోట్లుంటాయి. చోటుకు ఇరవై నిమిషాలు. కారు దిగటం, ఫోటో తియ్యటం, కారెక్కటం. సాయంత్రం వాళ్ళను, "ఏం చూశారు?" అని అడిగితే ఒక చోటు పేరు చెప్పబోయి ఇంకో చోటు పేరు చెబుతారు. మనం అట్లా చెయ్యం. మూడు చోట్లు చూస్తాం. నాలుగోది ఒక చెట్టు. ఇంత తక్కువ చూడటానికి అంత దూరం పోవాలా అంటారేమో! కొచ్చిని తీరిగ్గా చూడటానికి ఒక కారణం ఉన్నది. అది మధ్యాన్నం తెలుస్తుంది.

ఓడ దిగగానే కాలి కింది నేలను ఒకసారి చూడండి. అది ప్రకృతి చేసిన నేల కాదు, మనుషులు చేసినది!

దీని కథ చాలా వెనక మొదలయింది. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చింది. ఆ వరదతో, కొచ్చికి ఉత్తరాన ఉన్న ముజిరిస్ అనే పాత రేవు ఇసుకతో పూడిపోయిందనీ, కొచ్చి దగ్గిర సముద్రానికి లోతైన ముఖద్వారం ఏర్పడిందనీ చెబుతారు. ఒక్క వరద ఒక ఊరి భాగ్యం తీసుకుపోయి ఇంకొక ఊరికి ఇచ్చిందన్నమాట. అయితే ఆ ముఖద్వారానికి అడ్డంగా నీటి అడుగున ఒక ఇసుక మేట ఉండేది. దానిమూలంగా పెద్ద ఓడలు లోపలికి రాలేక బయట సముద్రంలోనే ఆగేవి. సరుకులు పడవలమీద చేరవేసేవారు. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఇక్కడికి వచ్చి, ఆ మేటను తవ్వించి, ఓడలకు దారి చేశాడు. 1928లో "పద్మ" అనే ఆవిరి ఓడ ఆ దారిన లోపలికి వచ్చింది. తరవాత రేవు లోతు చెయ్యటానికి తవ్విన మట్టినంతా ఏం చేశారనుకున్నారు? దానితో ఏకంగా ఒక దీవి కట్టారు. అదే విల్లింగ్డన్ దీవి. దాని విస్తీర్ణం 700 ఎకరాలకు పైనే. 2021లో ప్రారంభమైన "సాగరిక" అనే నౌకా ప్రయాణికుల భవనం ఈ దీవిమీదే ఉన్నది.

దీవినించి వంతెన దాటి ఫోర్టు కొచ్చికి పోదాం. ఇది పాత ఊరు. ఎండ ముదరకముందే సముద్రపు గట్టుకు చేరితే మన మొదటి చోటు కనబడుతుంది. అవే చీనా వలలు.

పెద్ద సాలెపురుగులు గట్టున వరసగా కూచుని నీళ్ళలోకి కాళ్ళు చాపినట్టుంటాయి. ఒక్కొక్క వల సుమారు ముప్ఫై అడుగుల ఎత్తు. నాలుగు వంచిన కర్రల కొసలకు వల కట్టి ఉంటుంది. ఆ కర్రలన్నీ ఒక పెద్ద దూలానికి తగిలించి ఉంటాయి. వల నీళ్ళలో దించుతారు, కొద్ది నిమిషాలు ఊరుకుంటారు, నలుగురైదుగురు కలిసి తాళ్ళు పట్టుకుని లేవనెత్తుతారు. వీటిని చైనావాళ్ళే తెచ్చారని కొందరూ, చైనాలో ఉండే పోర్చుగీసువాళ్ళు తెచ్చారని కొందరూ అంటారు.

ఒక గట్టురాయి మీద కూచుని, పది సార్లు వల దిగి లేచేదాకా చూడండి. మొదటిసారి చేపలకోసం చూస్తారు. మూడోసారి మనుషులను చూస్తారు. అయిదోసారికి గాని వెనకవైపు తాళ్ళకు వేలాడే రాళ్ళు కంటపడవు. ఈ యంత్రం ప్రాణమంతా ఆ రాళ్ళలోనే ఉన్నది. ఇది ఒక తులాదండం. నీటివైపు వల బరువు, గట్టువైపు రాళ్ళ బరువు. రెండూ దాదాపు సమంగా ఉంటాయి గనక ఒక్క మనిషి దూలంమీద నీటివైపుకు నాలుగడుగులు నడిస్తే చాలు, అంత వలా కిందికి దిగుతుంది!

ఇంకో తమాషా ఉన్నది. రాళ్ళు కట్టిన తాళ్ళు అన్నీ ఒకే పొడుగు ఉండవు. వల పైకి లేచేకొద్దీ రాళ్ళు కిందికి దిగి, ఒక్కొక్కటే గట్టున ఆనుకుంటాయి. గట్టున ఆనిన రాయి ఇక లాగదు. ఆ విధంగా వల ఏ ఎత్తున ఉన్నా తూకం చెడకుండా ఉంటుంది. ఇంజనీరింగు కాలేజీ మొహం చూడని జాలరులు తాతలనాటినించీ ఈ లెక్క తప్పకుండా నడుపుతున్నారు.

మీరు కూడా చేసి చూడండి. ఒక అడుగుబద్దను పెన్సిలు మీద పెట్టండి. పెన్సిలు మధ్యన కాక ఒక కొసకు దగ్గిరగా ఉండాలి. పొడుగువైపు కొసన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. పొట్టివైపు కొసన ఎన్ని బిళ్ళలు పేరిస్తే బద్ద సమంగా నిలుస్తుందో లెక్కపెట్టండి. పెన్సిలును కొద్దిగా జరిపి మళ్ళీ లెక్కపెట్టండి. బద్ద బరువు కూడా ఈ లెక్కలో ఉంటుందని మాత్రం మరవకండి.

ఇప్పుడు ఈ వలలు తగ్గిపోతున్నాయి. వలలో పడే చేపలు కొద్ది. కలప ఖరీదు ఎక్కువ. అందుకని కొన్ని చోట్ల కర్రకు బదులు ఇనపగొట్టాలు వాడుతున్నారు. జాలరులు చూడవచ్చినవాళ్ళను పిలిచి తాడు లాగనిస్తారు, నాలుగు డబ్బులు ఆశిస్తారు. మీరు లాగినట్టయితే, ఇచ్చి మరీ రండి. ఆ వల రేపు కూడా నీళ్ళలోకి దిగాలి గదా!

మధ్యాన్నం అయింది. కొచ్చి ఎండ చురుక్కుమంటుంది. ఇప్పుడు మన చెట్టు దగ్గిరికి పోదాం. ఊరి మైదానం చుట్టూ గొడుగుల్లాంటి నిద్రగన్నేరు చెట్లున్నాయి. ఒక్కొక్క దాని నీడలో ఒక పెళ్ళి భోజనాల బంతి పట్టేటట్టుంటుంది. పొట్లంలో వేడి పళంపొరి తెచ్చుకుని ఆ నీడన కూచుందాం. పళంపొరి అంటే పండిన అరటిపండు ముక్కలు పిండిలో ముంచి వేయించిన బజ్జీ. మనవైపు అరటికాయ బజ్జీకి తియ్యని పినతల్లి కూతురన్నమాట.

ఈ చెట్టు కూడా ఈ దేశానిది కాదు, అమెరికా ఖండంనించి వచ్చింది. మనం కూరలో వేసే మిరపకాయా, జీడిమామిడీ కూడా అక్కడినించే వచ్చాయి. ఓడలమీద వచ్చినవి తిరిగి పోకుండా ఇక్కడే పాతుకున్నాయి. ఎందుకని? ఇక పొద్దున దాచుకున్న కారణం చెప్పుకుందాం.

పూర్వం ఓడలకు యంత్రాలు లేవు. గాలే వాటి యంత్రం. ఎండాకాలంలో నేల సముద్రంకంటె ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు సముద్రంమీది గాలి నైరుతి దిక్కునించి మన దేశంమీదికి వీస్తుంది. చలికాలంలో నేల త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి ఈశాన్యంనించి సముద్రంవైపు మళ్ళుతుంది. అరబ్బులు "మౌసిమ్" అంటే రుతువు. మనం వాడే "మాన్సూన్" అన్న మాట అందులోనించే పుట్టింది. అరేబియా, ఆఫ్రికాలనించి వచ్చే ఓడలు నైరుతి గాలితో వచ్చేవి. చైనావైపునించి వచ్చేవి ఈశాన్య గాలితో వచ్చేవి. వచ్చిన గాలితో తిరిగి పోవటం సాధ్యం కాదు. గాలి మళ్ళేదాకా నెలల తరబడి రేవులో కూచోవలసిందే.

కూచున్నవాడు ఊరుకుంటాడా? ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. భాష నేర్చుకుంటాడు. తనకు వచ్చిన పని నాలుగురికీ చూపుతాడు. కొందరు ఇక్కడే పెళ్ళాడి స్థిరపడతారు. మలబారు తీరపు రేవులు ఇట్లా పెరిగినవే. వాటిని కట్టినది వ్యాపారం ఒక్కటే కాదు, గాలి బలవంతంగా ఇచ్చిన తీరిక కూడా.

ఆగనివాడి గతి ఏమవుతుందో మన రెండో చోట తెలుస్తుంది. మైదానానికి దగ్గిరలోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉన్నది. 1503లో పోర్చుగీసువాళ్ళు మొదట దాన్ని కొయ్యతో కట్టారు. లోపల పైకప్పుకు పొడుగాటి గుడ్డ పంకాలు వేలాడుతూ ఉంటాయి. వాటి తాళ్ళు బయటికి పోయేవి. బయట మనుషులు నిలబడి లాగుతూ ఉంటే లోపల వాళ్ళకు గాలి తగిలేది. అదే చర్చిలో నేలమీద ఒక సమాధి రాయి ఉన్నది. అది వాస్కో డ గామాది. ఆయన 1524లో కొచ్చిలోనే చనిపోయాడు. 1539లో ఆయన అస్థికలను పోర్చుగల్ తీసుకుపోయారు.

ఈ వాస్కో డ గామా 1498లో మొదటిసారి వచ్చినప్పుడు, ఆఫ్రికా తీరాన ఉన్న మలింది రేవునించి మలబారు తీరానికి నైరుతి గాలితో 23 రోజుల్లో చేరాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం గాలి మళ్ళేదాకా ఆగలేదు. అదే సముద్రం దాటటానికి దాదాపు మూడు నెలలు పట్టింది. తాజా పళ్ళూ, కూరలూ లేక నావికులకు స్కర్వీ జబ్బు పట్టుకున్నది. ఈ జబ్బు సి విటమిన్ లోపంవల్ల వస్తుంది. పళ్ళచిగుళ్ళు వాచి, రక్తం కారి, ఎంతోమంది నడిసముద్రంలో చనిపోయారు. గాలికోసం కొద్ది వారాలు ఆగి ఉంటే వాళ్ళల్లో చాలామంది ఇళ్ళు చేరేవారే.

మూడో చోటు మట్టాంచెరి. ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. దారిలో కళ్ళు మూసుకున్నా ఊరు తెలుస్తుంది. మిరియాలు, అల్లం, ఏలకుల గిడ్డంగుల వాసన ముక్కుకు తగులుతుంది. సందు చివర యూదుల ప్రార్థనామందిరం ఉన్నది. దాన్ని 1568లో కట్టారు. పక్కనే గడియారపు గోపురం. దాని ముఖాలమీద అంకెలు ఒకే లిపిలో లేవు. ఒకదానిమీద మలయాళం, ఒకదానిమీద హీబ్రూ, ఒకదానిమీద రోమన్ అంకెలు ఉంటాయి. వేరువేరు భాషలవాళ్ళు ఒకే వీధిలో ఒకే వేళ చూసుకునేవారన్నమాట!

మందిరం లోపలికి చెప్పులు విడిచి పోవాలి. నేలంతా చైనానించి తెచ్చిన తెల్లని పలకలు పరిచి ఉన్నది. వాటిమీద నీలిరంగు బొమ్మలు చేత్తో వేసినవి. అన్నీ ఒకటే అనిపిస్తాయి. కాని వంగి చూస్తే ఒక పలకమీది కొమ్మ ఇంకో పలకమీద ఉన్నట్టు ఉండదు. తొందరలో ఉన్నవాడికి ఇది నేల మాత్రమే. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరవాత ఇక్కడి యూదులు చాలామంది అక్కడికి వెళ్ళిపోయారు. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమందే మిగిలారు. ఊరు వాళ్ళ మందిరాన్ని జాగ్రత్తగా కాపాడుతున్నది. శనివారం మాత్రం దాన్ని తెరవరు. ఆ రోజున వెళ్ళేవాళ్ళు బయటినించే గడియారం చూసి రావాలి.

నాలుగయేసరికి ఓడవైపు మళ్ళుదాం. ఒక గంట ముందే చేరటం మంచిది. ఓడ పైఅంతస్తు రెయిలింగు దగ్గిర నిలబడితే ముఖద్వారం దాటేదాకా ఊరు కనబడుతుంది. అదృష్టం బాగుంటే అక్కడ డాల్ఫినులు నీళ్ళమీదికి ఎగిరి పడటం కూడా చూడవచ్చు. అవి సముద్రంనించి చేపలకోసం రేవులోకి వస్తూ ఉంటాయి. గట్టున చీనా వలలు ఇంకా లేస్తూ దిగుతూనే ఉంటాయి. పొద్దున అవి మనకు వింత బొమ్మలు. ఇప్పుడు రాళ్ళు ఎక్కడ వేలాడుతున్నాయో, దూలంమీద నడిచే మనిషి ఎన్ని అడుగులు వేస్తాడో మనకు తెలుసు. ఊరి మైదానంలో మనం కూచున్న నిద్రగన్నేరు ఈ వేళకు ఆకులు ముడుచుకుంటూ ఉంటుంది.

మీరు ఎప్పుడైనా ఒక ఊరికి ఒక్క రోజుకే వెళ్ళవలసి వస్తే, ముందుగా మూడు చోట్లు ఎంచుకోండి. మిగిలినవి మళ్ళీ వచ్చినప్పటికి ఉంచండి. ఒక్కొక్క చోట, చూసింది చాలనిపించిన తరవాత కూడా ఇంకొక అరగంట కూచోండి. చీనా వల రాళ్ళు కంటపడేది ఆ అరగంటలోనే.