ఊరికి టిక్కెట్టా?

"ఊళ్ళోకి వెళ్ళడానికి టిక్కెట్టేమిటోయ్!" అని మావారు ఒకటే నవ్వు. నేను చదువుతున్నది ఇటలీలోని చివిటా ది బాన్యోరేజో గురించి. నాకు మాత్రం అది న్యాయంగానే అనిపించిందండీ.

రోముకి ఉత్తరాన కొండమీద ఊరది. ఎట్రుస్కన్లు కట్టి 2,500 ఏళ్ళయింది. పైన మెత్తటి అగ్నిపర్వత రాయి, కింద బంకమట్టి. వానలకి మట్టి కరిగేకొద్దీ అంచునున్న ఇళ్ళు లోయలోకి జారిపోయాయి. సెయింట్ బొనవెంచర్ పుట్టిన ఇల్లూ అలాగే పోయింది. 1695 భూకంపం తర్వాత చాలామంది పక్కనున్న బాన్యోరేజోకి తరలిపోయారు. ఇప్పుడు ఏడాది పొడవునా ఉండేది పదిమందో, పన్నెండుమందో!

వెళ్ళాలంటే 1965లో కట్టిన కాలినడక వంతెనే దారి. కార్లు పోవు. కూరగాయల సంచీ ఎలా మోస్తారో అనుకున్నాను ముందు (మన బుద్ధి ఎక్కడికి పోతుంది!). రాతి మెట్లు, గుమ్మాల పక్కన పూలకుండీలు, శాన్ దొనాతో చర్చి ముందు ఖాళీస్థలం, ఫొటోల్లో ఎంత ముచ్చటగా ఉన్నాయో! కానీ ఆ కుండీలకి నీళ్ళు పోసే మనిషి ఉండాలిగా?

2013లో టిక్కెట్టు పెట్టారు, మొదట్లో ఒకటిన్నర యూరో. గంటసేపు ఫొటోలు దిగి వెళ్ళేవాళ్ళు, కొండతో రోజూ పోరాడే ఊరికి ఆ మాత్రం ఇస్తే తప్పేముంది? నా బెంగల్లా వేరు. ఉన్న ఇళ్ళన్నీ అద్దెగదులైపోతే, టిక్కెట్టు కొని చూసేది ఎవరి ఊరని?