ఆదివారం మధ్యాహ్నం ఎవరిది?

సెలవులకి హాస్టళ్ల నుంచి ఊళ్లకి వచ్చిన మన పిల్లల గురించి పెద్దల దగ్గర ఒకటే మాట, "ఖాళీగా తిరుగుతున్నారు" అని. సంఘంలో అయితే ఇంకోటి కలుస్తుంది: ఖాళీగా ఉంటే పాపంలో పడతారని.

మేము దీనితో పూర్తిగా ఏకీభవించం. మార్కు సువార్త 6వ అధ్యాయం చూడండి. శిష్యులు ఊళ్లు తిరిగి వచ్చారు, తినడానికి కూడా తీరిక లేదు. యేసు వాళ్లకి ఇంకో పని చెప్పలేదు, జనం లేని చోటికి వచ్చి కాస్త అలుపు తీర్చుకోమన్నాడు.

విశ్రాంతి దినం ఆజ్ఞ రెండుచోట్ల ఉంది. నిర్గమకాండం 20లో కారణం, దేవుడు ఏడో రోజు విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండం 5లో కారణం వేరు: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మరిచిపోవద్దని. బానిసకి తీరిక ఉండదు. ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గూడెం కొండల్లో రోడ్డు పనికి మన ముత్తాతల చేత వెట్టి చేయించారు. 1922లో మన్యం తిరగబడ్డానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఎవరెవరికి విశ్రాంతి ఇవ్వాలో కూడా అదే ఆజ్ఞలో ఉంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి. కూతురు అని విడిగా ఉంది, గమనించండి. ఇప్పుడు మన ఇళ్లు చూద్దాం. ఆరాధన అయ్యాక తమ్ముడు వాలీబాల్‌కో, సిగ్నల్ దొరికే గట్టు మీదకో పోతాడు. చెల్లి ఊట నీళ్లకి, పుల్లలకి, తర్వాత వంటకి. ఇద్దరూ హాస్టల్లో చదివి వచ్చినోళ్లే. ఎద్దుకి దొరికిన విశ్రాంతి ఆ పిల్లకి దొరకట్లేదు. యూత్ మీటింగుల్లో ఫోన్ల మీద వాక్యం చెప్తారు, దీని మీద ఎప్పుడైనా విన్నామా?

ఫోన్ల మీద కోపం ఊరికే కాదులెండి. రాత్రి రెండింటి దాకా ఫ్రీ ఫైర్, రీల్స్, పొద్దున లేచేసరికి ఇంకా అలుపు. మత్తయి 25లో తలాంతు పాతిపెట్టినవాడు దాన్ని తాగి తగలెయ్యలేదు, జూదంలో పెట్టలేదు. ఊరికే పాతేశాడు. అయినా యజమాని లెక్క అడిగాడు. సమయం కూడా అలా అప్పగించిందే అని మా నమ్మకం.

జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇక ఆదివారం కూడా పుస్తకం వదలొద్దు అనే అన్నలున్నారు. వాళ్ల భయం నిజమే. కానీ ఆరు రోజులు గట్టుమీదే గడిపినోడికి ఏడో రోజు చదువు ఏం సరిపోతుంది?

ఇంకో మాట. థింసా ఆడితే లోకంలో కలిసినట్టే అంటారు కొందరు. ముసలీ ముతకా చేతులు కలిపి ఆడేది లోకమైతే, దుప్పటి కింద ఒంటరిగా చూసేది ఏంటి? పండగ పూజల సంగతి వేరు, అది ఎవరి మనస్సాక్షి వాళ్లది. పెళ్లిలో ఆట గురించి మాత్రం సంఘ పెద్దలు మళ్లీ ఆలోచించాలని మా మనవి.

ఈ సెలవుల్లో మేము యూత్‌ని అడిగేది ఒకటే. ఆదివారం మధ్యాహ్నం నీళ్లు, పుల్లలు అన్నదమ్ములు తేవాలి. ఆ రెండు గంటలు అక్కచెల్లెళ్లవి. పడుకుంటారో, వాలీబాల్ ఆడతారో, అవ్వ దగ్గర కూర్చుని కువి పాటలు రికార్డు చేసుకుంటారో వాళ్ల ఇష్టం. మీ ఊళ్లో కుదిరిందో లేదో, కుదరకపోతే ఎవరు అడ్డొచ్చారో రాయండి.