పత్రిక ఎవరిదో తెలిస్తేనే వార్త తెలుస్తది

శ్రీరాంపూర్ మండలంలో నాటు వేసే ఆడకూలీ పేరు పేపర్లో ఎప్పుడు పడుతుంది? పిడుగు పడి చనిపోతే పడుతుంది. కూలీలను తీసుకపోయే ట్రాలీ బోల్తా పడితే పడుతుంది. బతికుండి కైకిలి పెంచమని అడిగితే మాత్రం పడదు. నాయకుడు దగ్గినా, తుమ్మినా మొదటి పేజీ! ఇది విలేకరి మరుపు కాదు. దీని వెనుక లెక్క ఉన్నది. ఆ లెక్క తెలియకుండా పేపరు చదవడమంటే కాంటా చూడకుండా వడ్లు అమ్ముకోవడమే.

మొదటి లెక్క యాజమాన్యం. 1974లో మొదలైన ఈనాడు, 1982లో పుట్టిన ఎన్.టి. రామారావు పార్టీని బాహాటంగా బలపరిచింది. 2008లో, రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగానే, ఆయన కుటుంబం సాక్షి పెట్టింది. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ టి.ఆర్.ఎస్. పక్షాన నిలిచింది. మన ప్రాంతం సంగతి చూద్దాం. వి6 చానెల్, వెలుగు పత్రిక వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. ఆయన 2009లో కాంగ్రెస్ తరఫున పెద్దపల్లి ఎంపీగా గెలిచారు. తర్వాత టి.ఆర్.ఎస్.లోకి, బి.జె.పి.లోకి పోయి, 2023లో మళ్లీ కాంగ్రెస్ టికెట్టు మీద చెన్నూరు ఎమ్మెల్యే అయ్యారు. 2025లో మంత్రి అయ్యారు. 2024లో కుమారుడు పెద్దపల్లి ఎంపీ అయ్యారు. ఇందులో నేరమేమీ లేదు. పత్రిక పెట్టుకునే హక్కు అందరికీ ఉన్నది. కానీ ఓటు అడిగేవాడూ, వార్త అచ్చువేయించేవాడూ ఒక్కడే అయినప్పుడు చదివేవాడు రెండు కండ్లు తెరిచి చదవాలె.

ఫిరాయింపుల సంగతే తీసుకోండి. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టి.ఆర్.ఎస్.లో కలిసిపోయారు. 2024లో పదిమంది బి.ఆర్.ఎస్. ఎమ్మెల్యేలు కాంగ్రెస్ దిక్కు నడిచారు. చేర్చుకున్నవాడి పత్రికకు అది అభివృద్ధి కోసం చేరిక. పోగొట్టుకున్నవాడి పత్రికకు అది ప్రజాస్వామ్య హత్య. కుర్చీలు మారితే మాటలూ తారుమారవుతాయి. ఓటు వేసిన కూలిమనిషిని అడిగారా అన్న ప్రశ్నకు మాత్రం రెండు దిక్కులా జాగా దొరకదు.

రెండో లెక్క ప్రకటనలు. 2018 మే 10న రైతుబంధు పథకాన్ని మన పాత కరీంనగర్ జిల్లాలోనే, హుజూరాబాద్ దగ్గరి ధర్మరాజుపల్లిలో ప్రారంభించారు. ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు. బడ్జెట్‌లో 12,000 కోట్లు. ఇతర రాష్ట్రాల పత్రికలకు కూడా పెద్ద పెద్ద ప్రకటనలు పోయినాయి. పట్టా ఉన్న దొరకు ఎన్ని ఎకరాలుంటే అన్ని ఎకరాలకూ డబ్బు వచ్చింది. కౌలుకు దున్నినవాడికి రాలేదు. దున్ని, నాటి, కలుపు తీసి, కోసినవాళ్లకు అసలే రాలేదు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో సొంతంగా సాగు చేసేవాళ్లు సుమారు 31 లక్షలు. వ్యవసాయ కూలీలు సుమారు 59 లక్షలు. ఊరిలో ఎక్కువమంది ఎవరో ఈ అంకెలే చెబుతున్నాయి. పేజీ నిండా ప్రకటన అందుకున్న పత్రిక, ఆ పక్క పేజీలో ‘కూలోనికేది?’ అని అడుగుతుందా?

2025 జనవరి 26న కొత్త ప్రభుత్వం భూమి లేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల పథకం మొదలుపెట్టింది. మంచిదే. అయితే ఉపాధి పనిలో 20 రోజులు నిండి ఉండాలన్నారు, గుంటెడు భూమి కూడా ఉండొద్దన్నారు. మొదటి రోజు ఫొటో అన్ని పత్రికల్లో వచ్చింది. ఏ గూడెంలో ఎందరికి అందింది, ఎందరి పేర్లు కొట్టేశారు అని తిరిగి వచ్చి చూసే విలేకరి కావాలి.

మూడో లెక్క నేరుగా అమ్మకం. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకొని అభ్యర్థుల గొప్పలను వార్తలుగా అచ్చువేశారు. దీన్ని బయటపెట్టినవాళ్లలో విలేకరులే ఉన్నారు. వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమగోదావరి జిల్లాలో పరిశీలన జరిపింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజోయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగువాడు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. యజమానుల ప్రతినిధులు కూడా కూర్చునే కౌన్సిల్ ఏం చేసింది? దాన్ని పక్కనపెట్టి, పేర్లు లేని చిన్న నివేదికను వదిలింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అసలుది బయటికి రాలేదు.

మండల విలేకరిని తిట్టి లాభం లేదు. చాలామందికి సరైన జీతం లేదు. పండుగకూ, పత్రిక వార్షికోత్సవానికీ ప్రకటనలు తేవాలన్న ఒత్తిడి మాత్రం ఉన్నది. ప్రకటన ఇచ్చేదెవరు? మిల్లు యజమాని, కాంట్రాక్టరు, లీడరు. తరుగు పేరుతో వడ్లు కోసుకునే మిల్లు మీద ఆ విలేకరి ఏమని రాస్తాడు? అతడూ ఒక తీరు కూలివాడే.

మరి పత్రికలతో పనే లేదా? ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా పాకలను ఎదిరిస్తే ఈనాడు ఆ పోరాటాన్ని రోజూ అచ్చువేసింది. ప్రభుత్వాన్ని ఇరుకునపెట్టే రాజకీయం అందులో లేదని కాదు. కానీ ముందు కదిలింది కూలి ఆడవాళ్లు, పత్రిక వెనుక వచ్చింది. 1993లో సారా నిషేధం తప్పలేదు.

కాబట్టి మిత్రులారా, ఏ పేపరు చేతిలోకి వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి: దీని యజమాని ఎవరు? ఈ పేజీకి డబ్బు పెట్టినదెవరు? ఈ వార్తలో లేనిదెవరు? మేము రాసేదాన్ని కూడా ఇట్లనే నిలదీయండి. చదువు రానివాళ్లకు సంఘం కాడ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చదివి వినిపించండి. కైకిలి రేటు, తరుగు, అందని డబ్బు — తేదీ, అంకె, ఊరి పేరుతో రాసి విలేకరికి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఎన్నికలప్పుడు ప్రకటన వార్త వేషం వేసుకొస్తే, 2010 తర్వాత ఇందుకోసమే పెట్టిన జిల్లా కమిటీకి ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. మన లెక్క మనం రాసుకోకపోతే, దొర రాసిందే లెక్క అవుతుంది.