రచయిత తపస్సు, ఇంటి చాకిరీ

మన సాహిత్య సభల్లో తరచుగా వినవచ్చే మాట ఒకటుంది. రాయాలనే తపన నిజంగా ఉన్నవాడికి వేళ అదే దొరుకుతుందనీ, సంసారమూ ఉద్యోగమూ సోమరులు చెప్పే సాకులనీ. గ్రంథకర్తలను సన్మానించేటప్పుడు వారిది ముప్ఫయ్యేళ్ళ తపస్సు అంటారు. శాలువ కప్పుతారు. మొదటి వరసలో కూర్చున్న వారి భార్యకు ఒక పూలగుత్తి ఇస్తారు. ఈ మాట ఛాందసులు అంటే నాకు పేచీ లేదు. శ్రమ గురించీ, శ్రమఫలం గురించీ గంటల తరబడి ఉపన్యసించగల మన అభ్యుదయ విమర్శకులే అంటున్నారు గనుక రాయవలసి వచ్చింది.

తపస్సు అన్న మాటలోనే కిటుకు ఉన్నది. ఋషి కళ్ళు మూసుకు కూర్చున్నంత కాలమూ ఆశ్రమంలో నీళ్ళు మోసేదెవరు? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు మానుకుంటే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండి వడ్డించిన మనిషి రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి పేరు చెప్పగానే ఆంధ్ర కవుల చరిత్రమూ, స్వీయచరిత్రా మనకు జ్ఞాపకం వస్తాయి. అంతంత గ్రంథాలకు కావలసిన తీరిక ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడిగిన విమర్శకుణ్ణి నేనింతవరకు చదవలేదు.

ఇంకొక ఉదాహరణ ఇంతకంటే గట్టిది. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులు, ఆంధ్ర విజ్ఞానసర్వస్వానికి ఆద్యులు. ఆయన నాగపూరులో ఉండి చదువుకున్నది అక్క బండారు అచ్చమాంబ ఇంట్లో. తమ్ముడి దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఆ అక్క, సంసారం ఒకపక్క చూసుకుంటూనే 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగం తెచ్చింది. తెలుగులో స్త్రీల చరిత్ర రచనకు అదే పునాది. ఇంకా భాగాలు తలపెట్టింది. 1905 జనవరిలో పోయింది, ముప్ఫయ్యేళ్ళకే. ఈమెకు తపన తక్కువైందని ఎవరైనా అనగలరా? తమ్ముడు చదువుకోడానికి అక్క ఇల్లు ఉన్నది. అక్క రాసుకోడానికి ఎవరి ఇల్లు ఉన్నది?

పాత కథలు చాలు. నేను కాలేజీలో తెలుగు చెబుతాను, నార్సింగిలో ఉంటాను. నా భర్త సాఫ్టువేరు ఉద్యోగి. అమెరికావారికి తెల్లవారే వేళకు ఆయన సమావేశాలు మొదలై రాత్రి పదకొండు దాకా సాగుతాయి. ఎనిమిదేళ్ళ కూతురు, మోకాళ్ళు పట్టేసిన అత్తగారు. గండిపేట దిగువ పల్లెలు నలభై అంతస్తుల మేడలైన తీరు మీద ఒక పుస్తకం ఒప్పుకున్నాను. డిసెంబరు పుస్తక ప్రదర్శనకు రావాలి గనుక అక్టోబరు నెలాఖరు గడువు. నాలుగున్నరకు లేస్తే ఆరు దాకా నాది. తర్వాత టిఫిను, క్యారేజీలు, పిల్ల జడ, అత్తగారి మాత్రలు, ఎనిమిదింటికి కాలేజీ బస్సు. సాయంత్రం దిద్దవలసిన పేపర్లు, తనిఖీ బృందానికి చూపవలసిన ఫైళ్ళు. నా భర్త మంచివాడు, "సహాయం" చేస్తాడు. ఎవరి పనికి ఎవరు సహాయం అన్నది వేరే వ్యాసం.

నేను రాసుకునే ఆ గంటన్నర కూడా పూర్తిగా నాది కాదు. ముందు రాత్రి అంట్లు తోమి, మర్నాటికి కూరలు తరిగిపెట్టి పోయే మనిషి ఒకామె ఉంది. ఆమె రాని రోజున పేజీ నడవదు. ఆమె పిల్లల చదువు ఎవరు చూస్తున్నారో, ఆమె రాసుకోవాలనుకుంటే ఎవరి గంట తీసుకోవాలో, మన విమర్శ పరిభాషలో దానికి మాటే లేదు.

పద్యం బస్సులో తట్టవచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే ఏ బస్తీలు కొట్టుకుపోయాయో, 1920లో గండిపేట చెరువు కట్టడం పూర్తయ్యేసరికి ఏ ఊరి పొలం ఏమైందో తట్టదు, వెదకాలి. 1891లో ఆసఫియాగా పుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది. ప్రభుత్వ దస్తావేజులు తార్నాకలో ఉన్నవి. నార్సింగి నగరానికి పడమటి కొస, తార్నాక తూర్పు దిక్కు. దస్తావేజులు చూడనిచ్చేది ఆఫీసు వేళల్లో, అంటే సరిగ్గా నేను పాఠం చెప్పే వేళల్లో. ఒక్క తేదీ సరిచూసుకోడానికి ఒక సెలవు ఖర్చవుతుంది. సెలవులు ఎన్నో, వాటిలో పిల్లకు జ్వరం వచ్చే రోజులెన్నో ఈ లెక్క ఇళ్ళలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు.

దస్తావేజులైనా ఆగుతాయి. మనుషులు ఆగరు. భూమి అమ్ముకున్న ఎనభై దాటిన ఒక ముసలమ్మ ఒక ఆదివారం నాతో జొన్న చేల గురించి మాట్లాడింది. అమ్మకం సంగతి అడిగితే గొంతు తగ్గించి, "కొడుకు ఇంట్ల లేనప్పుడు రా బిడ్డా, అప్పుడు చెప్త" అన్నది. కొడుకు ఇంట్లో లేనిది పనిరోజుల మధ్యాహ్నాలు. కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది, సెలవు ఇవ్వలేదు. మూడు వారాలకు వెళ్ళేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయిందని పత్రికలన్నీ రాశాయి. ఆ పక్కనే ఒకప్పుడు ఎకరం ఎట్లా చేతులు మారిందో చెప్పగల మనిషి చెప్పకుండా పోయింది. ఇందులో నా తపన ఎంత, కాలేజీ టైంటేబులు ఎంత, విమర్శకులు తేల్చాలి.

ఒకరి సొంత గోడును సాహిత్య సమస్య చేస్తున్నానని ఆక్షేపణ వస్తుంది. రానివ్వండి. వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి రాసుకోడానికి సొంత గదీ, ఏటా 500 పౌన్లూ కావాలని లెక్క కట్టి చెప్పింది. మన వ్యాసాల్లో ఆమె గది కనిపిస్తుంది, పౌన్లు కనపడవు. తెలుగులో ఇలాంటి పుస్తకానికి ముందస్తుగా పైసా ఇచ్చే ప్రచురణకర్త అరుదు. అమ్ముడుపోయాక రాయల్టీ అంటారు. బస్సు ఛార్జీలు, జిరాక్సులు, రాసిన గంటలు ముందే మన నెత్తిన పడతాయి. అందుచేత వచన గ్రంథాలు రాసేవారు చాలావరకు పింఛనుదారులో, ఇంట్లో వండిపెట్టే మనిషి ఉన్న మగవారో కావడంలో వింత లేదు. ఏ చరిత్ర ఎవరు రాయగలరో ఇక్కడే తేలిపోతున్నది. ఇది వస్తువు, శిల్పం గురించిన మన చర్చలకు బయటి సంగతి ఎలా అవుతుంది?

గ్రంథాలయాలను, దస్తావేజుల గదులను ఆదివారాలూ, రాత్రి తొమ్మిది దాకానూ తెరవమని మన సంఘం ఎందుకు తీర్మానించకూడదు? శాలువలకయ్యే ఖర్చుతో ఏటా ఒక్క రచయిత్రికి మూడు నెలల జీతమెందుకివ్వకూడదు?

నా పుస్తకం ముందుమాటలో కృతజ్ఞతలకు బదులు లెక్క రాయబోతున్నాను. నావి ఎన్ని గంటలు, అత్తగారివి ఎన్ని, అంట్లు తోమినామెవి ఎన్ని, ఆమెకు ముట్టినదెంత అని. ప్రచురణకర్త చూసి, "ఇవన్నీ పుస్తకంలో ఎందుకండీ, రెండు పేజీలు దండగ" అన్నారు.