ఎముక యెంత? ప్లాస్టరెంత?

ఎన్నడో నశించిన జంతువులను గూర్చి వినుటయం దెల్లవారికిని వేడుకయే. గజేంద్రుని కాలు పట్టిన మకరి కథ విని పెరిగిన మనకు డైనోసూకస్ అను మహామకరము మరింత వింతగొల్పును. ఇది సుమారు 8 కోట్ల 20 లక్షల యేండ్ల క్రిందటినుండి 7 కోట్ల 30 లక్షల యేండ్ల క్రిందటి వరకు ఉత్తర అమెరికా జలములలో సంచరించెను. తాబేటి డొప్పలమీదను, డైనోసారుల యెముకలమీదను మిగిలిన పంటిగాట్లు దాని యాహార మెట్టిదో చెప్పుచున్నవి. ఇట్టి జంతువులను గూర్చి మన తరగతులలో నడుగబడు ప్రశ్న సాధారణముగ నొక్కటే: దాని పొడవెంత? అంకె చెప్పినవానికి మార్కులు, చెప్పనివానికి సున్న. ఈ పద్ధతి మారవలెనని నా యభిప్రాయము.

ఆ యంకె యెట్లు పుట్టినదో చూడుడు. 1940వ సంవత్సరమున టెక్సాసు రాష్ట్రములోని బిగ్ బెండ్ ప్రాంతమున అమెరికన్ ప్రకృతిచరిత్ర మ్యూజియమువారైన బార్నమ్ బ్రౌన్, ఎరిక్ ష్లైకియర్ అనువారి బృందమునకు ఈ జంతువు పుర్రె ముక్కలును దవడ ముక్కలును దొరికెను. పూర్ణమైన పుర్రె దొరకలేదు. లోపించిన భాగములను క్యూబా దేశపు మొసలిని మాదిరిగా నుంచుకొని ప్లాస్టరుతో పూరించి, ఇంచుమించు రెండు మీటర్ల పుర్రెను నిలిపిరి. దానికి తగిన దేహము 15 మీటర్లని లెక్కగట్టిరి. ఆ పుర్రె ఛాయాచిత్రము పెక్కు గ్రంథముల కెక్కినది. తరువాత దొరకిన యెముకలనుబట్టి ముట్టె యాకారమే వేరని తేలినది. పొడవును 8 మొదలు 12 మీటర్ల వరకు దిగివచ్చినది.

ఇది మోసమనరాదు. ఆ పుర్రెలో నిజమైన యెముక ముదురు రంగునను, ప్లాస్టరు లేత రంగునను నున్నవి. నిదానించి చూచువానికి భేదము తెలియును. అచ్చుబొమ్మలలో నా భేదము మాసిపోయినది. మన కంఠస్థపాఠములలో బొత్తిగ మిగులలేదు.

దీని చరిత్ర మొదటినుండియు నిట్టిదే. 1858లో ఎబనీజర్ ఎమన్స్ ఉత్తర కెరొలైనాలో దొరకిన రెండు పెద్ద దంతములను వర్ణించి వేరొక జంతువు పేరిట చేర్చెను. అవి దీనివేయని యిప్పటివారి తలంపు. 1903లో మొంటానాలో దీని వీపుమీది యెముక పలకలు కనబడగా, కవచముగల డైనోసారువని తొలుత భావించిరి. 1909లో హాలండు పండితుడు దీనికి భయంకరమైన మొసలి యను నర్థమిచ్చు గ్రీకుపదములతో పేరు పెట్టెను.

ఇక బంధుత్వము మాట. మనకు మొసలి యను నొక్క పదమే చాలును గాని, శాస్త్రజ్ఞులు క్రొకడైలును అలిగేటరును వేరుచేయుదురు. డైనోసూకస్ అలిగేటరు బంధువని చాలకాలముగ నెంచుచున్నారు. అయితే అలిగేటరునకు ఉప్పునీరు పడదు. ఆ కాలమున ఉత్తర అమెరికాను రెండుగా చీల్చిన సముద్ర ముండెను. దీని యెముకలో, ఆ సముద్రమునకు రెండువైపులను దొరకుచున్నవి! 2025లో ప్రకటింపబడిన యొక పరిశోధన, ఇది అలిగేటరు శాఖకు వెలుపలి జీవియనియు, ఉప్పునీటి నోర్వగలదనియు వాదించినది. ఎవరి వాదము నిలుచునో కొత్త యెముకలు చెప్పవలెను.

నాకు మిక్కిలి ప్రియమైన ప్రశ్న వేరు. అంత పెద్దదెట్లయ్యెను? చెట్టు మ్రానులోవలె దీని యెముకలలోను ఏటేట నొక వలయ మేర్పడును. 1999లో ఎరిక్సన్, బ్రోషు అను శాస్త్రజ్ఞులు ఆ వలయములను లెక్కించిరి. పెద్ద డైనోసారులు త్వరత్వరగ పెరిగి పెద్దవైనవి. ఇదియో, తక్కిన మొసళ్లవలె మెల్లగనే పెరిగినది. కాని యా పెరుగుదల నాపలేదు. నేటి మొసళ్లు కొలది యేండ్లలో చాలించుకొను వేగమును, ఇది 35 ఏండ్లవరకు సాగించినది! ఈ సంగతి తెలిసిన బాలుడు పొడవు మరచినను నష్టమేమి?

పండితులు దినమునకొక మాట చెప్పుచుండగా నమ్ముటెట్లని కొందరందురు. మాట మార్చినది పండితుల చాపల్యము కాదు, భూమిలోనుండి వెడలిన యెముకలు. మరికొందరు పెద్దలు యోబు గ్రంథమందలి మకరము ఇదియేయని సంతసింతురు. వారి భక్తికి నమస్కారము. కాని దేవుని మహిమను చాటు నా గ్రంథమును కొలతబద్దగా వాడుట దానికి గౌరవము కాదని నా తలంపు.

వచ్చు సంవత్సరము మన చిత్రలేఖనపు పోటీలో ఈ మకరమునే విషయముగ నీయవలెనని ఉపాధ్యాయులవారిని కోరుచున్నాను. దొరకిన యెముకలకు నల్ల సిరా, ఊహించిన భాగములకు పెన్సిలు వాడవలెనని నియమ ముండవలెను. బహుమానమిచ్చునపుడు, ఏ గీత యేల గీచితివని బాలుని అడుగవలెను.